బురుల్చా ఎజె గాజు పలక

బురుల్చా ఎజె ఆ ట్యాబ్‌ను నా బల్ల మీద పెట్టి, తలకు చుట్టుకున్న శాలువా కూడా విప్పకుండా పొయ్యి పక్కన కూలబడింది.

"సాపర్, దీనికైనా జబ్బు చేసుండాలి, మా ఊరి పిల్లలకైనా చేసుండాలి. ఏదో ఒకటి తేల్చు."

అట్-బాషీ బజారులో నాది మరమ్మతుల కొట్టు. ఫోన్లు, టీవీలు, నీళ్ల మోటార్లు, ఏది తెచ్చినా విప్పుతాను. నాకు ఈ పని ఏ బడీ నేర్పలేదు. విప్పిన ప్రతి వస్తువూ కొంచెం కొంచెం నేర్పింది. అందుకేనేమో, ముందు చేత్తో చూసి తర్వాత నోటితో చెప్పేవాళ్లంటే నాకు గౌరవం. మా లోయలో అలాంటివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో బొటనవేలు బురుల్చా ఎజెది. ఎజె అంటే మా భాషలో అక్క.

కోక్-బెల్ వైద్యశాలలో ఉండేది ఆమె ఒక్కతే. డాక్టరు కాదు, ఫెల్డ్‌షర్. డాక్టరు రాలేని చోట డాక్టరు చేయాల్సినవన్నీ చేసే మనిషి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ రెండు గదుల్లోనే ఉంది. ఆ ఊళ్లో ముప్పై ఏళ్లలోపు వాళ్లలో సగం మంది ఈ లోకంలో మొదట చూసింది ఆమె ముఖమే. ఒకసారి రక్తపోటు చూసే పరికరం పాడైతే నా దగ్గరికి తెచ్చింది. వదిలి వెళ్లమంటే వెళ్లలేదు. "నువ్వు విప్పు, నేను చూస్తా" అని రెండు గంటలు కూర్చుంది. మళ్లీ ఆ పరికరాన్ని నా కొట్టుకు తేలేదు.

కిందటి శరదృతువులో పిల్లల వైద్యుల బృందమొకటి బిష్కెక్ నుంచి మా వైపు ఊళ్లకు తలా ఒక ట్యాబ్ పంపింది. అందులో ఐదు ఆటలు. బుడగలు పగలగొట్టడం, గీత వెంబడి వేలు జరిపి గుర్రప్పిల్లను నీళ్ల దగ్గరకు చేర్చడం, నలుగురికి రొట్టె పంచడం, ఇలాంటివి. ఒక ఆటలో తెరకు ఒక పక్క ఒక పాప నవ్వుతుంటుంది, ఇంకో పక్క రంగుల చక్రం తిరుగుతుంటుంది. ఆడే పిల్ల కళ్లు ఎటు పోతున్నాయో పైనున్న చిన్న కెమెరా కనిపెడుతుంది. వేలు ఎంత బలంగా పడుతోంది, ఎటు జారుతోంది అన్నదీ లెక్కలోకి వస్తుంది. చివర ఆకుపచ్చ గానీ ఎరుపు గానీ వెలుగుతుంది. ఎరుపంటే జబ్బని కాదు. ఆటిజం ఉందేమో డాక్టరు చూడాలని. చూసి చెప్పగల డాక్టర్లు నారిన్ పట్నానికి ఏడాదికి ఒకేసారి, మార్చి నడుమ వస్తారు. వాళ్లకు పంపాల్సిన పేర్ల జాబితా ఫిబ్రవరి ఇరవై ఎనిమిదికల్లా చేరాలి. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. మూడున్నరేళ్ల పిల్లకు ఒక ఏడాదంటే మాటలు కాదు.

ఆ రోజు ఫిబ్రవరి పన్నెండు.

"ఇరవై ఇద్దర్ని ఆడించాను. పదకొండు మందికి ఎరుపు" అంది ఎజె. "సగం ఊరు! వీళ్లలో ఎనిమిది మంది నా చేతుల మీద పుట్టినవాళ్లే. పొద్దున లేస్తే నా కిటికీ మీద మంచు ఉండలు విసిరి నవ్వుతారు. నా ముఖం చూడందే నవ్వరు. వీళ్లకు ఎరుపేంటి?"

"మీరు ఆడించడంలో ఏమైనా..." అన్నాను.

అనకుండా ఉండాల్సింది. ఆమె ఆడించే పద్ధతి అప్పటికి నేను చూడలేదు, తర్వాత చూశాను. తెల్లకోటు విప్పి పక్కన పడేసేది, పిల్లలకు సూది గుర్తొస్తుందని. కిటికీ వెలుగు తెర మీద పడకుండా బల్ల తిప్పేది. పిల్ల పక్కన కూర్చుని తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకునేది. సాయం చేయాలని చెయ్యి లాగుతుంది కదా, లాగినా లేవకూడదని. వెంట వచ్చిన నానమ్మలు ఊరుకోరు. "అక్కడ నొక్కు నా గుర్రప్పిల్లా, ఇక్కడ నొక్కు" అని పిల్ల వేలు పట్టుకుంటారు. అందుకని వాళ్లకు చిక్కుపడిన ఉన్ని కండె ఇచ్చి, "కాస్త విప్పిపెట్టండి అపా, నా కళ్లు ఆనడం లేదు" అనేది. పెద్ద ఆడవాళ్లను మేం అమ్మా అన్నట్టు అపా అంటాం. ఆ చిక్కు తనే వేసేది. ఇవేవీ ట్యాబ్‌తో వచ్చిన కాగితంలో లేవు.

"ఆడించడం నాకు రాదంటావా?" అని ఎజె సంచిలోంచి నోటు పుస్తకం తీసి నా ముందు పడేసింది. "చూడు. ఎవరు ఎప్పుడు ఆడారో, ఎవరి తర్వాత ఎవరో, ఆకలి మీదున్నారా నిద్ర మీదున్నారా, అన్నీ రాశాను."

చదివాను. రెండు రోజుల ఆట. మొదటి రోజు మొదటి ఆరుగురిలో ఐదుగురు ఆకుపచ్చ. ఆ తర్వాత వరసగా ఐదుగురు ఎరుపు. రెండో రోజు పొద్దున మళ్లీ ఆరు ఆకుపచ్చలు, మధ్యాహ్నం ఐదు ఎరుపులు.

"ఎజె, పిల్లలకు జబ్బు మధ్యాహ్నం పూట చేస్తుందా?"

ఆమె పుస్తకం లాక్కుని చూసుకుంది. పెదవి కొరుక్కుంది. నేను ట్యాబ్‌ను దీపం కింద వంచి పట్టుకున్నాను. తెర మీద పిల్లి నాకిన గిన్నెలా పొర. ఎజె రాత్రికి ఒకసారి గుడ్డతో తుడిచిందట గానీ, అదీ పొడి గుడ్డతో. పైన కెమెరా గుంటలో గోరు పెట్టి గీస్తే మైనంలాంటిది తెల్లగా వచ్చింది. వాసన చూశాను. ఆమె ముక్కు దగ్గర పెట్టాను.

"కొవ్వు!" అని ఎజె నుదురు కొట్టుకుంది. "గొర్రె తోక కొవ్వు!"

మా చలికి పిల్లల చేతులూ బుగ్గలూ పగులుతాయి. తల్లులు తోక కొవ్వు రాస్తారు. అందులోనూ ఆ రోజు బిష్కెక్ నుంచి వచ్చిన పరికరం ముందు కూర్చోబెడుతున్నారు. పిల్ల మెరవాలి కదా. గుమ్మం దాటే ముందు ఇంకో పట్టు పట్టించి తెచ్చారు. ఒక్కో పిల్లా తన వాటా కొవ్వు తెర మీద వదిలి వెళ్లింది. మధ్యాహ్నానికి వేళ్లు మంచు మీద బూట్లలా జారాయి. కెమెరా కంటికి పొర కమ్మి, ఎదురుగా కూర్చున్న పిల్ల కళ్లు దానికి కనబడలేదు. కనబడకపోతే చూడలేదని రాసుకుంది.

నేను స్పిరిటుతో తుడిచి ఇచ్చాను. ఎజె వేలు పుస్తకంలో ఒక పేరు మీద ఉంది. మొదటి రోజు, వరసలో రెండో పేరు. కుందుజ్.

"ఇది పొద్దున, శుభ్రమైన తెర మీద ఆడింది" అంది. "దీనికీ ఎరుపే వచ్చింది."

ఎజె స్థానంలో ఇంకొకరుంటే పదిమందిని గుట్టుగా మళ్లీ ఆడించి పాత కాగితాలు పొయ్యిలో వేసేవాళ్లు. ఆమె పది ఇళ్లకూ వెళ్లింది. తెర పాడుకాకుండా చూడ్డానికి నన్నూ రమ్మంది. ప్రతి గుమ్మంలో ఒకటే మాట: "తప్పు నాది. తుడవడం తెలియక తప్పు చెప్పాను. పిల్ల చేతులు వేడినీళ్లతో సబ్బుతో కడిగి కూర్చోబెట్టు, మళ్లీ చూస్తాను."

ఊరు ఊరుకుంటుందా?

"ఎజె, మా పొట్టేలుకీ ఆడించండి. అది కూడా పిలిస్తే చూడదు, రాసుకోండి!" అన్నాడొకడు కంచె మీదుగా.

"మీ ఆయన పేరు ముందు రాసుకోండి ఎజె! ముప్పై ఏళ్లలో ఆయన పలికింది మూడు మాటలు" అంది అతని పెళ్లాం.

"రెండే" అంది ఎజె. "మూడోది దగ్గు."

నవ్వులతో వారంలో పది ఇళ్లూ అయ్యాయి. పదీ ఆకుపచ్చే. తల్లులు ఆమెను తిడుతూనే టీ పోశారు, మీగడ వడ్డించారు. పదకొండో ఇంట్లో మాత్రం నవ్వు లేదు.

ఆ ఇల్లు సైరకాన్ అపాది. అరవై దాటాయి. నలభై ఒక్క చిక్కుడు గింజలు గుడ్డ మీద పరిచి జరగబోయేది చెప్పడంలో ఆమెకు లోయంతా పేరు. తప్పిపోయిన గుర్రం ఎటు పోయిందో చెబుతుంది. తోచనప్పుడు తోచలేదని కూడా చెబుతుంది. అందుకే జనం నమ్ముతారు. కుందుజ్ ఆమె పెద్దకొడుకు మొదటి బిడ్డ. మా వాళ్ల అలవాటు ప్రకారం మొదటి బిడ్డ నానమ్మ ఒడిలోనే పెరుగుతుంది, నానమ్మనే అమ్మగా పిలవాలి. కుందుజ్ ఎవర్నీ ఏమనీ పిలిచేది కాదు. గోడవార కూర్చుని టీ గిన్నెను బోర్లించి తిప్పుతోంది, ఆగితే మళ్లీ తిప్పుతోంది. కన్నతల్లి చినారా తల వంచుకుని టీ పోస్తోంది.

చేతులు కడిగారు. ఆడించాం. ఎరుపు వచ్చింది.

"ఇంకోసారి కడుగు, పోతుంది" అంది సైరకాన్ అపా.

"అపా, ఇది కొవ్వు కాదు. డాక్టరుకు చూపిద్దాం. ఏమీ లేకపోతే అదే చెబుతారు."

"పదిమందికి తప్పు చెప్పిన గాజు పలక పదకొండో దానికి నిజం చెబుతుందా? బురుల్చా, నీ చేతుల మీద నా ముగ్గురు బిడ్డలు పుట్టారు. నీ మీద కోపం లేదు. కానీ విను. నేను ఏడు తరాల తాతల పేర్లు చెబుతాను. ఒక్కడూ మతి లేనివాడు లేడు. జాబితాలో నా మనవరాలి పేరు పడితే రేపు దాన్ని ఎవరు చేసుకుంటారు? గింజలు వేసి చూశాను. ఐదో ఏట మాట్లాడుతుందని పడింది."

"మతి లేదని ఎవరన్నారు అపా?"

"నువ్వనలేదు. ఊరంటుంది."

ఎజె కోటు తొడుక్కుంది. మేం నా కారు దగ్గరికి వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు. చినారా, ఎజె చేతి తొడుగులు పట్టుకుని. ఎజె వాటిని మరిచిపోయిందో, కావాలనే వదిలేసిందో నేను అడగలేదు.

"ఎజె," అంది చినారా ఇంటివైపు చూసుకుంటూ, "ఏడాది నిండకముందు నుంచే నాకు అనుమానం. నేనెలా చెప్పను? పిల్ల అపాది. నేను నోరు తెరిస్తే, సరిగ్గా పెంచలేదని అత్తను అన్నట్టు కాదూ?"

"ఎవరికైనా చెప్పావా?"

"ఆవుకు చెప్పాను" అంది. ఏడవలేదు. వెనక్కి పరుగెత్తింది.

దారిలో నేను ఆవేశపడ్డాను. పిల్ల తండ్రితో చెప్పాలనీ, ఊరి పెద్దను తేవాలనీ ఏవేవో అన్నాను.

"మాటలతో ఆమెను ఎవరు గెలిచారు?" అంది ఎజె. "ఆమె గింజల మనిషి. మోసం చేయదు. గింజలతోనే అడగాలి."

మర్నాడు ఎజెను మళ్లీ ఆ ఇంటికి తీసుకెళ్లాను. ఎజె ట్యాబ్‌ను సంచిలోంచి తీయనే లేదు.

"అపా, నా పలకను నమ్మకండి. మీ గింజల్నే అడుగుదాం. పొద్దున నలభై ఒక్క గింజలూ కుడి జేబులో వేసుకోండి. కుందుజ్ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసిందా, ఒక గింజ ఎడమ జేబులోకి. ఏదైనా వస్తువు మీకు చూపించడానికి తెచ్చిందా, ఒక గింజ. వేలు పెట్టి 'అదిగో' అన్నట్టు చూపిందా, ఒక గింజ. చీకటి పడ్డాక ఎడమ జేబు లెక్కపెట్టండి. మూడు రోజులు."

"గింజలతో ఆటలా?"

"ఆట కాదు. మీరు చూస్తే చాలు. చూసేది మీరు, చెప్పేది గింజలు. మధ్యలో నేను లేను."

సైరకాన్ అపా మూట విప్పి గింజలు ఒక్కొక్కటే లెక్కపెట్టి జేబులో పోసుకుంది.

ఆ మూడు రోజులూ ఎజె ఆ వీధిలోకి పోలేదు. నా కొట్టుకు ఫోన్ చేసి ఏవో వంకలతో ప్రశ్నలు అడిగేది: ట్యాబ్ ఛార్జింగు ఎంతసేపు నిలుస్తుంది, చలికి దిగిపోతుందా. ఆమెకు అవన్నీ తెలుసు. ఊరికే కూర్చోలేక అడుగుతోందని నాకూ తెలుసు. జాబితా కాగితం ఆమె బల్ల మీదే ఉంది. అందులో ఒక్క పేరూ లేదు.

ఇరవై ఐదో తేదీన, నేను వైద్యశాలలో పొయ్యి గొట్టం బిగిస్తుండగా తలుపు తోసుకుని సైరకాన్ అపా వచ్చింది. మనవరాలు చంకలో ఉంది, కోడలు వెనక ఉంది. కూర్చోలేదు.

"మొదటి రోజు ఒకటి" అంది. "రెండో రోజు ఏమీ లేదు. మూడో రోజు రెండు, అందులో ఒకటి నాకే అనుమానం, తలుపు చప్పుడుకు తిరిగిందేమో."

ఎజె పొయ్యి దగ్గరికి కుర్చీ జరిపింది.

"పిల్లలందరూ ఇంతేనేమో అనుకున్నాను" అంది అపా. "అందుకని నిన్న పక్కింటి బుడ్డోణ్ణి నా దగ్గర కూర్చోబెట్టుకున్నాను. ఏడాదిన్నర వాడు. ముక్కు కారుతూ ఉంటుంది, చెంచా చూపిస్తాడు, పిల్లిని చూపిస్తాడు, తన బూటు చూపిస్తాడు. టీ చల్లారకముందే నా కుడి జేబు ఖాళీ." ఆమె పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "ఆ పని నువ్వు చెప్పలేదు, నేనే చేశాను. రొట్టె మీద ఒట్టు, ఒక్క గింజ కూడా అటూ ఇటూ వేయలేదు."

"నాకు తెలుసు అపా."

"ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల గుర్రాల జాడ చెప్పాను. నా ఒళ్లో ఉన్నదాన్ని చూడలేదు." కుందుజ్‌ను కిందికి దింపింది. "రాయి. మొదటి పేరు దీనిదే రాయి. ఊరేమంటుందో ఊరికే వదిలేయ్."

"ఒక్కటే పేరు అపా" అని ఎజె కలం తీసింది.

మార్చిలో నారిన్‌కు నేనే తీసుకెళ్లాను. కనుమ మీద మంచు, నాలుగు గంటల ప్రయాణం. ఆస్పత్రి వరండాలో ఎజె కుందుజ్‌ను జనం లేని మూలకు తీసుకుపోయి గోడవైపు కూర్చోబెట్టింది, చప్పుళ్లకు బెదురుతుందని. పేరు పిలిచినప్పుడు అందరూ లోపలికి పోయారు. తలుపు ఓరగా ఉంది, నేను బయట నిలబడ్డాను.

డాక్టరు కుర్రవాడు. పిల్లతో అరగంట నేల మీద కూర్చుని ఆడాడు. తర్వాత కాగితం తీశాడు.

"ఇలా ఉందని మొదట ఎప్పుడు గమనించారు?"

"మూడేళ్లు దాటాక..." అని సైరకాన్ అపా మొదలుపెట్టి ఆగిపోయింది. గోడవార తల వంచుకుని నిలబడ్డ కోడలి వైపు తిరిగింది. "దాన్ని అడగండి. కన్నది అది."

చినారా తల ఎత్తలేదు. ఎజె ఆమె వీపు మీద చెయ్యి వేసింది, అంతే.

"చెప్పవే" అంది అత్త. "నేనేమీ అనుకోను. ఆవుకు చెప్పావట కదా, డాక్టరుకు చెప్పలేవా?"

ఆ మాట ఆమెకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. చినారా మొదట రెండు మాటలు తడబడింది. తర్వాత ఆగలేదు. పాలు తాగేటప్పుడు ఎటు చూసేదో, ఏ నెలలో 'ఆ, ఊ' అని మళ్లీ ఎప్పుడు మానేసిందో, ఏ చప్పుడుకు చెవులు మూసుకుంటుందో, ఏ గుడ్డ ఒంటికి తగిలితే ఏడుస్తుందో, నెలలవారీగా చెప్పింది. మూడేళ్లుగా లోపల దాచుకున్నదంతా వరస తప్పకుండా వచ్చింది. డాక్టరు రాసి రాసి చెయ్యి విదిలించుకున్నాడు. సైరకాన్ అపా కోడలి మాటలు అలా వినడం అదే మొదలు. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

ఆటిజమే అని చెప్పారు. మతి లేకపోవడం కాదు, పిల్ల లోకాన్ని వేరే దారిన పట్టుకుంటోంది, ఆ దారికి మనం పోవాలి అన్నారు. మూడున్నరకే తెచ్చారు, మంచి పని చేశారు అన్నారు. రోజూ ఇంట్లో చేయాల్సిన పాఠాలు చూపించి, నెలకోసారి వైద్యశాల ట్యాబ్‌లోంచే మాట్లాడతామన్నారు.

"రోజూ పిల్లతో పాఠాలు చేసేది ఎవరు? పేరు రాసుకోవాలి" అన్నాడు డాక్టరు.

"చినారా" అంది సైరకాన్ అపా. కాసేపాగి, "తల్లి" అని చేర్చింది.

ఎజె అంత తేలిగ్గా వదల్లేదు. ప్రతి పాఠమూ డాక్టరుతో రెండోసారి నెమ్మదిగా చెప్పించింది. తర్వాత చినారాతో తిరిగి అప్పజెప్పించుకుంది, మందు మోతాదు అప్పజెప్పించుకున్నట్టు. వరండాలో నిలబడి విసుగొచ్చి నేను కారు వేడి చేయడానికి పోయాను.

తిరుగు ప్రయాణంలో వెనక సీటులో కుందుజ్ కిటికీకి చెంప ఆనించి నిద్రపోయింది. చినారా గొణుగుతూ మొదటి పాఠం నెమరేసుకుంటోంది. "ముందు పేరు పెట్టి పిలవాలి, తర్వాత..."

"కాదు" అంది అత్త. "ముందు దాని ఎదురుగా నేల మీద కూర్చోవాలి. పిలవడం తర్వాత."

"కాదు అపా, ముందు పక్కన కూర్చోమన్నాడు. ఎదురుగా కాదు."

సైరకాన్ అపా ముందు సీటు వైపు వంగి ఎజె భుజం తట్టింది. ఎజె డాక్టరిచ్చిన కాగితం విప్పి, కళ్లద్దాలు సర్దుకుని, వేలు పెట్టి చదివింది.

"కోడలిదే రైటు" అంది. "పక్కన."

"అయితే పక్కనే కూర్చుందాం" అంది సైరకాన్ అపా. "రెండో పాఠం చెప్పవే."